శాతంతో పాటు రెండు హద్దులూ చెప్పండి: అనంతపురం డాక్టర్లకు బహిరంగ లేఖ

అనంతపురం జిల్లాలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లకు, ప్రైవేటు ఆసుపత్రుల యజమానులకు, మందుల కంపెనీల రెప్‌లకు,

నమస్కారం.

నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతాను. సొంతూరు కళ్యాణదుర్గం వైపు. 90 శాతం సక్సెస్ అని ఫ్లెక్సీ కట్టి మా అమ్మకు వైద్యం చేసిన ఒక క్లినిక్‌కు, ఆ శాతం ఎంతమందిలో అని అడుగుతూ రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. స్వయంగా వెళ్ళి అడిగితే కాఫీ ఇచ్చి పంపించారు. తర్వాత పై ఆఫీసులో అర్జీ పెట్టి రసీదు తీసుకున్నాను. ఆ రసీదు పర్సులో నలిగిపోయింది గానీ కబురు మాత్రం లేదు. ఏడు నెలలు చూశాక ఈ లేఖ రాస్తున్నాను. ఆ క్లినిక్ పేరు, డాక్టర్ పేరు రాయడం లేదు, ఎందుకంటే బస్టాండు నుంచి టవర్ క్లాక్ దాకా నడిస్తే అలాంటి ఫ్లెక్సీలు ఎన్నో కనిపిస్తాయి, ఒక్కరి పేరు రాస్తే మిగతావాళ్ళు ఇది తమకు కాదనుకుంటారు.

మా నాన్నకు గుండెపోటు వచ్చిన రాత్రి ఆయన్ని బతికించింది మీలో ఒకరే. ఆ మేలు మర్చిపోను. వైద్యం మీద నమ్మకం లేక రాస్తున్న లేఖ కాదని తెలియడానికే ఈ మాట.

ఇక విషయం. మా అమ్మకు 62 ఏళ్ళు. నలభై ఏళ్ళు శనక్కాయ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీసిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే నాలుగడుగులు వేసేదాకా గోడ పట్టుకోవాలి. ఒకరోజు బస్సు దిగి ఫ్లెక్సీ చూసింది: ఆపరేషన్ లేకుండా, మీ రక్తంతోనే మీ మోకాళ్ళకు వైద్యం, 90 శాతం సక్సెస్. పీఆర్పీ (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా) అంటారు దాన్ని, మన రక్తంలోంచే వేరుచేసిన ద్రవాన్ని మోకాల్లోకి ఎక్కించే సూది. వారానికొకటి చొప్పున మూడు సూదులు, ఒక్కోటి 8,000 రూపాయలు. విత్తనాలకని దాచుకున్న 24,000 అక్కడ కట్టింది. నేను పక్కనే ఉన్నాను. చేతిలోంచి రక్తం తీశారు, మిషన్‌లో పెట్టి తిప్పారు, ట్యూబులో ఎర్రటిది కిందికి దిగి పైన పసుపుపచ్చటి నీళ్ళలాంటిది తేలింది. ఆ ట్యూబును అమ్మ వెలుగుకు పెట్టి చూసి, "నా రగతంలోనే ఇంత మందుంటే ఇన్నాళ్ళూ నాకెందుకు పన్జేయలేదు నాయనా" అంది. నర్సు నవ్వింది. నాకు అప్పుడు నవ్వే వచ్చింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆ గదిలో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

మూడో సూది తర్వాత నెలన్నర పాటు కాస్త తేలిగ్గా ఉందంది. మూడో నెలకల్లా మళ్ళీ గోడ పట్టుకోవడమే.

అప్పుడు వెళ్ళి అడిగాను. "సార్, 90 శాతం అని రాశారు కదా, ఎంతమందిలో 90 శాతం?" డాక్టరుగారు మర్యాదగానే మాట్లాడారు. చాలామందికి చేశాం, మా అనుభవం అది అన్నారు. చాలామంది అంటే ఎంతమంది, ఎన్ని నెలలు చూశారు, సూది వేయించుకోని వాళ్ళతో పోల్చారా అని అడిగితే కౌంటర్లో కలవమన్నారు. కౌంటర్లో అమ్మాయి నా చేతికి మళ్ళీ అదే కరపత్రం ఇచ్చింది.

ఎంతమందిలో అన్న ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో చెబుతాను. పదిమందికి సూది వేస్తే తొమ్మిది మందికి తగ్గినా 90 శాతమే, వందలో తొంభై మందికి తగ్గినా 90 శాతమే, వెయ్యిలో తొమ్మిది వందలైనా అంతే. ఫ్లెక్సీ మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి. లెక్క కడితే మాత్రం పోలికే లేదు. పదిలో తొమ్మిది అంటే అసలు నిజం 60 శాతం నుంచి 98 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. వందలో తొంభై అయితే 83 నుంచి 94. వెయ్యిలో తొమ్మిది వందలైతే 88 నుంచి 92. దీన్నే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అంటారు. నేను క్లాసులో కింది హద్దు, పై హద్దు అని చెబుతాను, పిల్లలకు అలా అయితే వెంటనే ఎక్కుతుంది.

నిజానికి మన రైతుకు ఇది కొత్త కాదు. ఈసారి ఎకరాకు ఎన్ని బస్తాలొస్తాయి అని అడగండి, ఐదారు రావచ్చు అంటాడు. ఊడలు దిగే టైములో వాన పడితే ఏడెనిమిది అంటాడు. ఐదున్నర అని లెక్కగా చెప్పే రైతును నేను చూడలేదు. నాలుగైదు, పదీ పదిహేను, అరవై డెబ్భై అని రెండంకెలు కలిపి చెప్పడం మన మాటలోనే ఉంది. తనకు ఎంత తెలుసో ఎంత తెలియదో రెండూ ఒకే మాటలో చెప్పేస్తాడు. అలా మాట్లాడే మనిషి ఆసుపత్రికొచ్చేసరికి ఆయనకు ఒకే ఒక్క అంకె చూపిస్తారు, అదీ ఎర్ర రంగులో, పెద్ద అక్షరాలతో.

క్లాసులో నేను ఏటా ఒక పని చేయిస్తాను. ఒక డబ్బాలో రెండు వేల శనక్కాయ గింజలు పోసి, అందులో 600 గింజలకు ముందే మార్కర్‌తో చుక్క పెట్టి బాగా కలిపేస్తాను. అంటే వందకు ముప్పై చుక్క గింజలన్న మాట, ఆ సంగతి పిల్లలకు చెప్పను. ఒక్కొక్కరూ చూడకుండా 50 గింజలు తీసి, చుక్కవి లెక్కబెట్టి, కింది హద్దూ పై హద్దూ కట్టి బోర్డు మీద రాయాలి, గింజలు మళ్ళీ డబ్బాలో వేయాలి. ఒకమ్మాయికి 12 చుక్క గింజలు వస్తాయి, పక్కనున్న అబ్బాయికి 19 వస్తాయి, డబ్బా మాత్రం ఒకటే. అరవై మందీ రాశాక అసలు సంఖ్య 30 అని చెబుతాను. దాదాపు అందరి హద్దుల మధ్యలోనూ ఆ 30 ఉంటుంది, రెండు మూడు చోట్ల, ఒక్కోసారి నాలుగు చోట్ల ఉండదు. తప్పిపోయిన పిల్లలు లెక్క తప్పు చేయలేదు, వాళ్ళ గుప్పిట్లోకి అలాంటి గింజలు వచ్చాయి, అంతే. 95 శాతం కాన్ఫిడెన్స్ అంటే ఇదే: ఈ పద్ధతిలో వందసార్లు హద్దులు కడితే దాదాపు 95 సార్లు నిజం వాటి మధ్యలో దొరుకుతుంది. జెర్జీ నేమన్ అనే పోలండ్ గణిత శాస్త్రవేత్త 1937లో ఈ పద్ధతిని కాగితం మీద పెట్టాడు. మీ చేతిలో ఉన్న ఒక్క అధ్యయనం ఆ తప్పిపోయిన ఐదింటిలో ఒకటి కావచ్చు, అందుకే ఒకే ఒక్క అధ్యయనం పట్టుకుని ఫ్లెక్సీ కట్టకూడదు.

హద్దులు ఎంత జాగ్రత్తగా కట్టినా నయం కాని లోపం ఒకటుంది, గుప్పెడు ఎక్కణ్ణుంచి తీశారన్నది. మార్కెట్ యార్డులో కాయలు కొనే వ్యాపారి ఒకే సంచి పైనుంచి తీసిన గుప్పెడు చూసి ధర చెప్పడు. నాలుగు సంచుల్లోంచి, అడుగు దాకా చెయ్యి పెట్టి తీసి, ఒలిచి చూస్తాడు. క్లినిక్‌కు మళ్ళీ వచ్చి థ్యాంక్స్ చెప్పిన పేషెంట్లు సంచి పైన ఉండే కాయలు. నొప్పి తగ్గనివాళ్ళు మళ్ళీ రారు, ఇంకో ఆసుపత్రికి పోతారు, లేదా నొప్పితోనే చేలోకి పోతారు. మా అమ్మ మూడో నెల తర్వాత అక్కడికి వెళ్ళలేదు. ఆమెను ఏ లెక్కలో రాసుకున్నారు? తగ్గినవాళ్ళలోనా, తగ్గనివాళ్ళలోనా? నా ఉత్తరంలో ఉన్న రెండో ప్రశ్న ఇదే.

ఇప్పుడు ఆ సూది గురించి బయట ఏం తేలిందో చూద్దాం. ఆస్ట్రేలియాలో 50 ఏళ్ళు దాటిన 288 మంది మోకాళ్ళ నొప్పి పేషెంట్లను రెండు గుంపులు చేశారు. ఎవరు ఏ గుంపులో పడాలన్నది లాటరీలాగా తేల్చారు. ఒక గుంపుకు పీఆర్పీ, రెండో గుంపుకు ఉత్త సెలైన్ నీళ్ళు, వారానికొకటి చొప్పున మూడేసి సూదులు. ఏది ఎవరికి పడిందో పేషెంట్లకు తెలియదు. ఏడాది తర్వాత 0 నుంచి 10 దాకా ఉండే నొప్పి కొలతలో పీఆర్పీ వాళ్ళకు సగటున 2.1 తగ్గింది. సెలైన్ వాళ్ళకు 1.8 తగ్గింది. 2021లో వచ్చిన ఫలితం ఇది. అంటే ఉప్పునీళ్ళు ఎక్కించుకున్నవాళ్ళు కూడా నొప్పి తగ్గింది అనే చెప్పారు. కరపత్రంలోని 90 శాతం నిజమే అనుకున్నా, ఆ తగ్గడంలో మందు వాటా ఎంతో, నొప్పి దానంతటది పెరిగి తరగడం ఎంతో, డబ్బు కట్టి సూది వేయించుకున్నామన్న నమ్మకం ఎంతో దాన్ని బట్టి తెలియదు.

రెండు గుంపుల మధ్య తేడాకు వాళ్ళు కట్టిన హద్దులు చూడండి. పీఆర్పీ వల్ల అదనంగా తగ్గే నొప్పి మహా అయితే 0.9, రెండో వైపున సెలైన్ కన్నా 0.2 తక్కువే తగ్గి ఉండొచ్చు. పేషెంటుకు తేడా తెలియాలంటే కనీసం 1.8 తగ్గాలని వాళ్ళు ముందే అనుకున్నారు. పై హద్దు కూడా అందులో సగమే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడమంటున్నాను: సగటు తేడా చిన్నదని మాత్రమే ఈ అధ్యయనం చెప్పడం లేదు, ఉండగలిగిన అతి పెద్ద తేడా కూడా పనికొచ్చేంత లేదని చెబుతోంది. చిన్న అధ్యయనాలు కొన్నింట్లో మంచి ఫలితాలొచ్చాయని మీరంటారు, నిజమే, వచ్చాయి. అవీ చెప్పండి, ఇదీ చెప్పండి. 24,000 కట్టే ముందు మా అమ్మకు రెండూ తెలియాలి.

తేడా లేదు అని తేలడం వేరు, తేడా ఉందో లేదో తేలకపోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల ఎంత నష్టమో కోవిడ్ రోజుల్లో చూశాం. కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసే ప్లాస్మా కోసం వాట్సాప్ గ్రూపుల్లో ఎలా వెతికామో గుర్తుందా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళు 2020లో దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ప్లాస్మాను పరీక్షించారు. జబ్బు ముదిరినవాళ్ళు, చనిపోయినవాళ్ళు కలిపి ప్లాస్మా గుంపులో 19 శాతం, మామూలు వైద్యం గుంపులో 18 శాతం. నిష్పత్తి 1.04, హద్దులు 0.71 నుంచి 1.54. నిష్పత్తి 1 అయితే తేడా లేనట్టు, తక్కువైతే మేలు, ఎక్కువైతే కీడు. 0.71 నుంచి 1.54 అంటే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గించినా తగ్గించొచ్చు, సగం పెంచినా పెంచొచ్చు, ఇంకా తేలలేదు అని అర్థం. మేలు కనిపించలేదని ఆ రోజే తెలిసింది గానీ తలుపు పూర్తిగా మూసుకోలేదు. తర్వాత బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ వాళ్ళు 11,558 మంది మీద చూశారు. మరణాలు రెండు గుంపుల్లోనూ 24 శాతం, నిష్పత్తి 1.00, హద్దులు 0.93 నుంచి 1.07. ఇప్పుడు తలుపు మూసుకుంది. 2021 మే నెలలో మన దేశంలోనూ ప్లాస్మాను చికిత్స జాబితాలోంచి తీసేశారు. రెండు అధ్యయనాలూ పైకి ఒకే మాట చెప్పినట్టుంటాయి, హద్దులు చూస్తే గానీ ఎంత దూరమో తెలియదు.

సామాన్యుల మీద దీని ప్రభావం ఏమిటో ఒక్కొక్కటిగా రాస్తాను.

1. ఆస్తి పోతుంది. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్‌కు వాడిన రెమ్‌డెసివిర్ సూది కోసం మా బంధువుల్లోనే ఒకరు పుస్తెలతాడు కుదువ పెట్టారు. అప్పటికి ఆరు నెలల ముందే, 2020 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రయల్ ఫలితం బయటికొచ్చింది: మరణాల నిష్పత్తి 0.95, హద్దులు 0.81 నుంచి 1.11. ఇంకా ఎక్కువమందిని కలిపాక 2022లో 0.91 అని తేలింది, హద్దులు 0.82 నుంచి 1.02. వెంటిలేటర్ దాకా పోకుండా ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో మాత్రం 0.76 నుంచి 0.99, అంటే కొంత మేలు ఉంది. ఆ మేలు కూడా వందమందిలో ఒకరిద్దరికి. 2020లో వచ్చిన ఆ మొదటి ఫలితం సంగతైనా ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద ఎవరైనా చెప్పి ఉంటే, పుస్తెలతాడు తీసేముందు ఆమె ఒక్క నిమిషం ఆగి ఉండేది. తెస్తే బతుకుతాడు, లేకపోతే లేదు అన్నట్టు చీటీ రాసిచ్చారు.

2. చవకైన మంచి మందు కనబడకుండా పోతుంది, పనికిరాని చోట వాడేస్తారు. డెక్సామెథసోన్ అందరికీ అందుబాటు ధరలో దొరికే పాత స్టెరాయిడ్ మందు. రికవరీ ట్రయల్‌లో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు తగ్గాయి, నిష్పత్తి 0.64, హద్దులు 0.51 నుంచి 0.81. రెండు హద్దులూ 1కి ఇవతలే ఉన్నాయి, సందేహానికి చోటు లేదు. అదే ట్రయల్‌లో ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళలో నిష్పత్తి 1.19, హద్దులు 0.92 నుంచి 1.55. మేలు కనబడలేదు, కీడు జరిగే వీలే ఎక్కువ. అయినా సెకండ్ వేవ్‌లో జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ మింగినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. షుగర్ ఉన్నవాళ్ళు కూడా. ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి, స్టెరాయిడ్లు అతిగా వాడటం దానికి ఒక కారణమన్న సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

3. సైడ్ ఎఫెక్ట్స్ లేవు అన్న మాటను జనం నమ్మేస్తారు. మా దగ్గర 30 మందికి వేశాం, ఒక్కరికీ ఏమీ కాలేదు అంటే ముప్పు సున్నా అని కాదు. దీనికి చాలా తేలికైన లెక్క ఉంది, మూడును ఆ సంఖ్యతో భాగించండి. 30 మందిలో ఎవరికీ ఏమీ కాకపోతే అసలు ముప్పు పదిమందిలో ఒకరి దాకా ఉండొచ్చు. 300 మందిలో ఎవరికీ కాకపోతే నూటికి ఒకరి దాకా. ఇంటర్ చదివిన పిల్లవాడు కూడా నోటితో చేసే లెక్క ఇది, ఒక్క కరపత్రంలోనైనా నాకు కనిపించలేదు.

4. మీరే మోసపోతున్నారు. రెప్‌లు తెచ్చే రంగురంగుల బ్రోచర్లలో ముప్పు 30 శాతం తగ్గింది అని పెద్దగా ఉంటుంది, దేనిలో 30 శాతం అన్నది ఉండదు. మా నాన్నకు ఆ రాత్రి మొదట నమలమని ఇచ్చింది ఆస్పిరిన్ మాత్ర. 1988లో వచ్చిన ఐసిస్-2 ట్రయల్‌లో 17,187 మంది గుండెపోటు పేషెంట్లను చూసి, ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయేవాళ్ళు 11.8 శాతం నుంచి 9.4కు తగ్గారని తేల్చారు. నేను హద్దులు కట్టి చూశాను: వందమందికి ఆస్పిరిన్ ఇస్తే బతికేది అదనంగా దాదాపు ఒకటిన్నర నుంచి మూడున్నర మంది. చిన్న సంఖ్యే, కానీ రెండు హద్దులూ సున్నాకు పైనే ఉన్నాయి, అందుకే ప్రపంచమంతా ఆ మాత్ర ఇస్తున్నారు. పెద్ద శాతం కన్నా గట్టి హద్దులున్న చిన్న సంఖ్య మేలు. అదే ట్రయల్ వాళ్ళు ఇంకో పని చేశారు, పేషెంట్లను పుట్టిన తేదీని బట్టి రాశుల వారీగా విడదీసి చూపించారు. మిథునం, తుల రాశుల వాళ్ళకు ఆస్పిరిన్ పనిచేయనట్టు, కాస్త కీడు చేసినట్టు వచ్చింది! గుంపును ముక్కలు చేసుకుంటూ పోతే హద్దులు వెడల్పై ఎలాంటి వింతలైనా కనబడతాయని చెప్పడానికే కావాలని అలా చేశారు. మా మందు మొత్తం మీద అంతంతమాత్రమే గానీ 50 దాటిన ఆడవాళ్ళలో బ్రహ్మాండంగా పనిచేసింది అని రెప్ చెప్పినప్పుడు ఈ తుల రాశిని గుర్తు చేసుకోండి.

5. మంచి డాక్టర్ మాట విలువ పోతుంది. అమ్మకు తొడ కండరాల వ్యాయామాలు చేయమని, బరువు తగ్గమని, గొంతుక్కూర్చోవడం తగ్గించమని ఇంకో డాక్టర్ చెప్పారు, ఫీజు 200 తీసుకున్నారు. ఆయన 90 శాతం అనలేదు, "కొందరికి బాగా తగ్గుతుందమ్మా, కొందరికి కొంచెమే, మూడు నెలలు చేసి చూడు" అన్నారు. నిజాయితీగా హద్దులు చెప్పింది ఆయన. బయటికొచ్చాక అమ్మ అన్న మాట, "ఈయనకే సరిగ్గా తెలియనట్లుంది నాయనా." ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. నిజం చెప్పినవాడు తెలియనివాడుగా, ఫ్లెక్సీ కట్టినవాడు తెలిసినవాడుగా కనిపిస్తున్నారు.

అందుకని నేను అడిగేవి ఇవి. కష్టమైనవి కావు, ఖర్చూ పెద్దగా లేదు.

మొదటిది, ఫ్లెక్సీ మీదగానీ కరపత్రంలోగానీ కేబుల్ టీవీలోగానీ శాతం వేస్తే, దాని పక్కనే అదే సైజు అక్షరాల్లో మూడు విషయాలు రాయండి: ఎంతమందిలో, దేనితో పోల్చి, ఎన్ని నెలలు చూసి. ఈ మూడూ లేకపోతే ఆ శాతం తీసేయండి. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం, మోకాలి నొప్పి దగ్గర మాత్రం ఇష్టం వచ్చినట్టు రాయొచ్చని ఏమీ లేదు.

రెండోది, డబ్బు ఎక్కువయ్యే ఏ చికిత్సకైనా సంతకం పెట్టించుకునే కాగితం మీద కింది హద్దు, పై హద్దు తెలుగులో రాయండి. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అనే మాట కూడా అక్కర్లేదు. "మీలాంటివాళ్ళు వందమందికి ఇది చేస్తే, చేయనివాళ్ళ కన్నా అదనంగా ఇంతమంది నుంచి ఇంతమంది దాకా బాగుపడతారు" అని ఒక్క వాక్యం చాలు. తెలియకపోతే ఇంకా తేలలేదు అని రాయండి. తేలలేదు అన్న మాట రాయడం వల్ల ఏ డాక్టరు పరువూ పోదు.

మూడోది, మా సొంత అధ్యయనంలో తేలింది అని చెప్పుకునేవాళ్ళు ఆ అధ్యయనం రిజిస్ట్రేషన్ నంబరు చూపించండి. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి చేశారు, నంబరు ఉంటే ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. మొదలుపెట్టినప్పుడు ఎంతమంది, చివరిదాకా మిగిలింది ఎంతమంది, మధ్యలో రాకుండా పోయినవాళ్ళను ఎలా లెక్కేశారు, ఇవన్నీ చెప్పాలి.

నాలుగోది రెప్‌ల గురించి. శాంపిల్స్ తీసుకునే ముందు హద్దులు అడగండి. చెప్పలేకపోతే వచ్చే వారం రమ్మనండి. జిల్లాలో నలుగురు డాక్టర్లు ఇలా అడగడం మొదలుపెడితే కంపెనీలే బ్రోచర్లు మార్చుకుంటాయి.

నా వైపు నుంచి కూడా ఒకటి చేస్తాను. ఏ ఆసుపత్రి పిలిచినా ఆదివారం వచ్చి, గింజల డబ్బా తెచ్చి, గంటన్నరలో ఇదంతా మీ నర్సులకు, కౌంటర్లో కూర్చునేవాళ్ళకు చెబుతాను. పైసా అక్కర్లేదు. పేషెంటు మొదట అడిగేది వాళ్ళనే, కాబట్టి మీకన్నా ముందు వాళ్ళకు తెలియాలి. మీ కరపత్రం పంపిస్తే హద్దులు కట్టి తిరిగి పంపిస్తాను, అదీ ఉచితంగానే.

మా అమ్మకు డబ్బు వెనక్కి ఇవ్వమని నేను అడగడం లేదు. రెండు ఉత్తరాల్లోనూ ఆ మాట రాయలేదు, అయినా డబ్బు కోసమే వచ్చాననుకున్నట్టున్నారు. నాకు కావాల్సింది నేను అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు: 90 శాతం ఎంతమందిలో? మా అమ్మను ఏ లెక్కలో రాశారు? ఆ క్లినిక్ వాళ్ళు ఈ లేఖ చదువుతుంటే, ఉత్తరాల మీద నా ఫోన్ నంబరు ఉంది. జూన్ నెలాఖరుకు విత్తనం పడుతుంది, అమ్మ మళ్ళీ చేలోకి దిగుతుంది. ఆలోపు చెప్పండి.

ఇట్లు,
ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్,
అనంతపురం